తంగేడుకు ఎరువు వద్దు

బతుకమ్మ పండుగ దగ్గర పడేసరికి హైదరాబాద్, వరంగల్ మార్కెట్లలోకి తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా అమ్మకానికి వస్తాయి. ఊరి చివర చెలకలోనో గుట్ట పక్కనో ఊరికే కోసుకొచ్చుకున్న పూలను డబ్బిచ్చి కొనుక్కోవాల్సి రావడం చాలామందికి మనసుకు కష్టంగానే ఉంటుంది. మన నేల పూలను పెరట్లోనో మిద్దె మీదో మనమే పెంచుకుంటే పోలేదా అన్న ఆలోచన అక్కడి నుంచే పుడుతుంది. మంచి ఆలోచనే. కాకపోతే దాన్ని అమలు చేసే తీరులోనే చిక్కుంది. గులాబీని పెంచినట్టే తంగేడునీ పెంచబోతాం. కుండీ నిండా వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు నింపి, పొద్దున్నే నీళ్లు పోసి, నెలకోసారి ఎరువు వేస్తాం. మొక్క ఏపుగా ఆకు వేస్తుంది కానీ పూత కనిపించదు. లేదంటే వానాకాలంలో వేరు కుళ్లి చచ్చిపోతుంది. అప్పుడు ఈ అడవి పూలు ఇళ్లల్లో బతకవులే అని తేల్చేస్తాం. నా వాదన ఒక్కటే. ఇవి ఇళ్లల్లో హాయిగా బతుకుతాయి. అయితే మొక్కను ఒక్కదాన్నే తెస్తే చాలదు, అది పుట్టిన తావులో ఏం జరుగుతుందో ఆ జరిగేదాన్ని కూడా ఇంటికి తెచ్చుకోవాలి. తావు అంటే మట్టి రకం మాత్రమే కాదు. అక్కడ ఎండ ఎంత, వాన ఎన్నాళ్లు, నాగలి తిరుగుతుందా, మేకలు మేస్తాయా, పూల మీద వాలే పురుగు ఎక్కడ గూడు పెడుతుంది అన్నవన్నీ కలిస్తేనే తావు.

తంగేడునే దగ్గరగా చూద్దాం. ఇది తెలంగాణ రాష్ట్ర పుష్పం. మొరం తేలిన ఎర్ర నేలలు, రాళ్ల గుట్టల వాలు, రైలు కట్టల పక్కలు, బాటల వెంట గట్లు దీని చోట్లు. అక్కడ పైమట్టి పలుచన, పడిన వాన నిలవదు, ఎండాకాలమంతా చుక్క పడదు. పశువులు, మేకలు దీన్ని పెద్దగా ముట్టవు కాబట్టి మిగతా పచ్చదనమంతా మేతకు పోయిన చోట కూడా ఇది పొదలు పొదలుగా నిలబడుతుంది. బెరడులో వగరు ఎక్కువ. తోళ్లు పదును చేయడానికి తరతరాలుగా దాన్ని వాడారు. ఇక పువ్వు. అయిదు పసుపు రేకుల మధ్య పది కేసరాలుంటాయి. అన్నీ ఒక తీరు కావు, పైవి పొట్టిగా ఉంటే కిందివి పొడవుగా వంగి ఉంటాయి. ఈ పువ్వులో తేనె బొట్టు కూడా ఉండదు. ఉన్నదంతా పుప్పొడే, అదీ కేసరాల కొసన ఉండే సన్నటి రంధ్రాల లోపల బంధించి ఉంటుంది. నల్లటి తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను గట్టిగా అదిలిస్తుంది. జుమ్మన్న శబ్దం ఒక్కసారిగా పెరిగి, ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెదేమో ఎండిన కొయ్యలో, వెదురులో బెజ్జం తొలుచుకుని గూడు పెడుతుంది. శుభ్రత పేరుతో పెరట్లోని ప్రతి ఎండుకొమ్మనూ, మోడునూ ఏరి పారేస్తే తుమ్మెదకు ఇల్లుండదు. చుట్టుపక్కల తుమ్మెదలే లేకుండా పోతే తంగేడు పూస్తుంది కానీ కాయ కట్టడం గగనమవుతుంది. ఒక మూల ఎండిన దుంగ ఒకటి, నాలుగు వెదురు ముక్కలు వదిలెయ్యడం ఈ మొక్కకు ఏ ఎరువు కన్నా ఎక్కువ మేలు.

తంగేడు పక్కనే బతుకమ్మలో ఒదిగే గునుగు దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. తంగేడు ఏళ్ల తరబడి ఒకే చోట వేరూనుకునే పొద. గునుగు ఒక్క వానాకాలపు మొక్క. జొన్న చేలల్లో, కంది చాళ్ల మధ్య, దున్ని వదిలేసిన మడుల్లో మొలుస్తుంది. మొదట లేత గులాబీ రంగు పులుముకుని, తర్వాత వెండిలా తెల్లబడే ఆ కంకుల్లో నల్లగా నిగనిగలాడే సన్నటి గింజలు రాలి మట్టిలో పడి ఉంటాయి. నాగలి తిరిగి మట్టి కదిలినప్పుడు, వెలుతురు తగిలి, పోటీ లేని బోసి నేల దొరికినప్పుడు గుంపుగా మొలుస్తాయి. అంటే గునుగు అడవి పువ్వు కాదు, సేద్యం వెంట నడిచిన పువ్వు. రైతుకు అది కలుపే, కాదనడానికి లేదు. కానీ ఆ కలుపు లేత ఆకును కూర వండుకున్న ఊళ్లు మనవి. పొలాల్లో తమంత తామే మొలిచే ఇలాంటి ఆకుకూరల విలువను జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఏళ్లుగా చాటి చెబుతున్నారు. కలుపు మందుల వాడకం పెరిగిన చేలల్లో గునుగు తగ్గిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంట్లో పెంచాలనుకునేవారు దీని కోసం చేయాల్సింది చిన్న పని. గజం మేర చోటు కేటాయించి, ఏటా మృగశిర కార్తెలో తొలి వాన పడగానే ఆ మట్టిని తిరగదోడాలి. ఒక ఏడాది వదిలేస్తే గడ్డి కమ్ముకుని గునుగు మాయమవుతుంది. అదే పని తంగేడు మొదట్లో చేస్తే దాని వేరు దెబ్బతింటుంది. రెండూ ఒకే పళ్లెంలో పేర్చే పూలే అయినా ఒకదానికి కదిలే నేల, మరొకదానికి కదలని నేల కావాలి. దేశీ పూల మొక్కలు అని రెంటినీ ఒకే గాటన కట్టి ఒకే మడిలో పెడితే ఏదో ఒకటి ఓడిపోక తప్పదు.

ఈ లెక్కన చూస్తే మనం ఎరిగిన పూలే కొత్తగా కనిపిస్తాయి. జడలో తురుముకునే కనకాంబరం దక్షిణ భారతం, శ్రీలంకల అడవిలో చెట్ల నీడన పెరిగిన మొక్క. నడినెత్తి ఎండలో దాన్ని పెట్టి ఆకు మాడుతోందని బాధపడటం కన్నా, మామిడి కిందో జామ కిందో చోటిస్తే అడగకుండానే పూస్తుంది. దాని ఎండుకాయకు తడి తగిలితే చిటపటమని పగిలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. వాన పడే వేళకే విత్తనం నేల చేరాలన్న ఏర్పాటు అది. ముదురు రంగు ఢిల్లీ కనకాంబరంలో ఈ చోద్యం చూడలేం, అది గింజ కట్టని రకం కాబట్టి కొమ్మలతోనే పెంచాలి. అడవినాభి ఎరుపు, పసుపు కలిసిన మంట రంగు పూలతో కంచెల మీద పాకుతుంది. ఆకు కొసనే నులితీగగా మార్చుకుని పక్క మొక్కను పట్టుకుని లేస్తుంది కనుక దానికి పొద ఆసరా కావాలి, ఇనుప కంచె ఒక్కటీ చాలదు. వానలతో దుంప చిగురించి, చలికాలానికి పైభాగమంతా ఎండిపోతుంది. చచ్చిందనుకుని పీకేయకూడదు. అయితే ఆ దుంప తీవ్రమైన విషం, పసిపిల్లలున్న ఇంట్లో వద్దనే నా మాట. విష్ణుక్రాంత వేలి గోరంత నీలి పువ్వు. పశువులు మేసి పొట్టిగా ఉంచిన గరుకు నేలల్లో మాత్రమే కంటికి కనిపిస్తుంది, గడ్డి మోకాలెత్తు పెరిగితే వెలుతురందక అణగిపోతుంది. మన పెరట్లో మేక ఉండదు కాబట్టి ఆ పని కత్తెర చేయాలి. వినాయక చవితినాడు తెలంగాణలో కూర వండుకునే తుమ్మి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏ బోసి మూలనైనా వస్తుంది. రానిస్తే చాలు.

మన దేశపు మొక్క అన్న ముద్ర ఉంటే చాలదా, ఇంత తావు లెక్క ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. చాలదనడానికి నూరువరహాలే సాక్ష్యం. అది దక్షిణ భారతపు సొంత మొక్క. కాకపోతే పుల్లటి స్వభావం ఉన్న, వానలు ఎక్కువ పడే ఎర్రమట్టి దాని అలవాటు. కేరళ, కొంకణ తీరాల్లో రోడ్డు పక్కన గుబురుగా పూసే ఆ మొక్కే సున్నం పాలెక్కువున్న రేగడి నేలలో ఆకు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి మధ్యంతా పసుపు తిరిగి నీరసిస్తుంది. ఆ మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. బోరు నీళ్లు కూడా ఉప్పగా, సున్నంగా ఉంటే ఇక చెప్పేదేముంది. ఇలాంటి మొక్కకు ప్రతి నెలా ఇనుప ధాతువు పిచికారీ చేస్తూ దేశీ మొక్కల తోట పెంచుతున్నామని అనుకోవడంలో అర్థం లేదు. దేశం చాలా పెద్దది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురానికీ, అందుకు దాదాపు రెట్టింపు పడే విశాఖ తీరానికీ ఒకే పూల జాబితా ఇవ్వలేం. విశాఖ ఇసుక తిన్నెల మీద మేక గిట్ట ఆకారపు ఆకులతో పాకి ఇసుకను పట్టి ఉంచే ఊదా పూల తీగ తీరం వెంట ఇళ్లకు బంగారం. దాన్ని తీసుకెళ్లి మహబూబ్‌నగర్‌లో నాటాలన్న కోరిక మాత్రం వృథా ప్రయాస.

అడవిలో, బాట పక్కన, తనంత తాను పెరిగేదల్లా ఇక్కడిదే అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. గాయాలకు పసరు పూసే గడ్డిచేమంతి మధ్య అమెరికా నుంచి వచ్చింది. పసుపు పూల బ్రహ్మదండి మెక్సికోది. వయ్యారిభామ సంగతి అందరికీ తెలిసిందే. చెరువుల్ని కమ్మేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసమే తెచ్చిన మొక్క. లాంటానా కూడా అంతే, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్‌వారు తోటల కోసం తెప్పించారు. పిట్టలు పండు తిని గింజను అడవికి మోశాయి. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా అది వ్యాపించిందని 2020లో వెలువడిన అధ్యయనం చెప్పింది. దాని గుబురు కింద గడ్డి మొలవదు, గడ్డి లేక జింకకు మేత తగ్గుతుంది. ఒక ఇంటి తోటలోని ముచ్చట అడవి దాకా ఎలా పోతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. మరి ఏది మనదో తేల్చుకునేదెలా? ఇందుకు మనకు పాత సాక్ష్యాలే ఉన్నాయి. స్కాట్లాండ్‌కు చెందిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి పన్నెండేళ్ల పాటు సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారుల చేత ఉత్తర సర్కారుల మొక్కలకు బొమ్మలు గీయించాడు. 1795 మొదలు 1820 దాకా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. తన రాతల్లో తెలుగు పేర్లనూ, ఆ మొక్క ఎలాంటి చోట మొలుస్తుందన్న వివరాన్నీ నమోదు చేసుకున్నాడు. మొక్కను దాని తావుతో కలిపి చూడాలన్న మాట మనకు కొత్తగా ఎవరో నేర్పుతున్నది కాదు.

అలాగని బంతినీ చేమంతినీ పెరికి పారేయమంటున్నానా? లేదు. బంతి మెక్సికో నుంచి వచ్చినా బతుకమ్మలో తంగేడు పక్కనే కూర్చుంది, మన గడపకు తోరణమైంది. అది కంచె దాటి అడవిని ఆక్రమించలేదు. పుట్టుక ఎక్కడన్నది ఒక్కటే కొలబద్ద అయితే బోగన్‌విల్లా, గుల్‌మొహర్, దేవగన్నేరు వరకు సగం ఊరి పూలను వెళ్లగొట్టాల్సి వస్తుంది, అది నాకు సమ్మతం కాదు. దాటిపోయి నష్టం చేస్తోందా లేదా అన్నదే మొదట చూడాలి. రెండోది ఇంతకన్నా ముఖ్యమైనది. పరాయి పూల మీదా సీతాకోకచిలుకలు వాలుతున్నాయి కదా, తేడా ఏముంది అని కొందరంటారు. వాలడం నిజమే, రెక్కలొచ్చిన సీతాకోక తేనె ఎక్కడున్నా తాగుతుంది. గొంగళిపురుగు మాత్రం అలా కాదు. నారింజ రెక్కల అంచున నల్లగీతలో తెల్ల చుక్కలుండే సీతాకోక, అదే ప్లెయిన్ టైగర్, గుడ్లు పెట్టడానికి జిల్లేడునూ దాని చుట్టాలనూ వెతుక్కుంటుంది. ఆ మొక్కల పాలలోని చేదునే ఒంట్లో దాచుకుని పిట్టల నుంచి కాపాడుకుంటుంది. పాలిపోయిన తెలుపు, లేత పచ్చ కలిసినట్టుండే మరో రకం తంగేడు ఆకు మీద పెరుగుతుంది. ముళ్లగోరింట ఆకును నమ్ముకున్న రకాలున్నాయి. వంద బోగన్‌విల్లాలు పూసిన వీధిలో ఈ మూడు మొక్కలూ లేకపోతే, అక్కడ ఎగిరే ఈ సీతాకోకలు ఎక్కడో పుట్టి వచ్చినవే తప్ప అక్కడ పుట్టినవి కావు. ఆ ఎక్కడో కాస్తా ప్లాట్లుగా మారిన రోజున రావడం మానేస్తాయి. అందుకే దేశీ మొక్క ఆకుకు చిల్లులు పడితే మందు కొట్టడం తగదు. ఆ చిల్లుల కోసమే కదా దాన్ని పెంచుతున్నది.

ఈ మొక్కలు ఏడాదంతా పచ్చగా ఉండవు, ఎండాకాలంలో పెరడు పాడుబడినట్టుంటుంది, పొదలుంటే పాములొస్తాయి అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. మొదటి మాటలో నిజముంది. రోహిణి కార్తెలో మన గుట్టలూ అలాగే ఉంటాయి. కళ్లకు పచ్చదనం తప్పనిసరి అనుకునేవారు వాకిలి ముందు పొగడ, నందివర్ధనం వంటివి పెట్టుకుని, ఋతువును బట్టి వచ్చిపోయే పూలకు పక్క మడి ఇవ్వవచ్చు. నీటి కరువున్న ఊళ్లో ట్యాంకర్ తెప్పించి పచ్చిక బయలు తడిపే కన్నా రెండు నెలల ఎండుగడ్డిని భరించడం తెలివైన పని. పాముల విషయం తేలిగ్గా తీసిపారేయను. పాము ప్రధానంగా ఎలుక కోసం, దాక్కునే చోటు కోసం వస్తుంది, పువ్వు కోసం కాదు. పాత ఇటుకల కుప్పలు, తడి చెత్త, గోడకు చేరగిలబడిన దట్టమైన గుబురు ఉంటే గులాబీ తోటలోకీ వస్తుంది. పొదల్ని గోడకు, నడిచే దారికి అయిదారు అడుగుల ఎడంలో ఉంచి, మొదళ్లలో మోకాలెత్తు వరకు కొమ్మలు తీసేస్తే నేల కనిపిస్తూ ఉంటుంది. తుమ్మెదల కోసం వదిలే దుంగను కూడా నేల మీద పడేయకుండా గోడకు ఎత్తుగా కట్టాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, దాన్ని కోసేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచాలి.

నేలే లేని అపార్ట్‌మెంట్ల మాటేమిటి? ఇక్కడే తావు లెక్క బాగా అక్కరకొస్తుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఆ బండల నెర్రెల్లో, గుంటల్లో నాలుగు వేళ్ల లోతు మట్టిలో, కింద కాలే రాయి మీద బతికే మొక్కలున్నాయి. మిద్దె మీద కుండీ పరిస్థితి సరిగ్గా అలాంటిదే. కాబట్టి మిద్దె తోటకు బండల మీది మొక్కలు నప్పుతాయి. కుందేటి కొమ్ములనే ఆకుల్లేని కండ కాడల మొక్క, విష్ణుక్రాంత, చిన్న గడ్డిజాతులు వెడల్పైన, లోతు తక్కువ కుండీల్లో సర్దుకుంటాయి. అందులో పోయాల్సింది సగం ఇసుక, పావు మొరం, పావు మామూలు ఎర్రమట్టి. అడుగున రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. వానాకాలంలో నీళ్లు పోయనక్కర్లేదు, ఎండాకాలంలో వారానికోసారి చాలు. తంగేడును పెద్ద డ్రమ్ములో పెట్టవచ్చు కానీ దాని వేరు లోతుకు దిగాలని చూస్తుంది కనుక నేల ఉన్నవారికే ఎక్కువ సుఖం.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయన్నది ఆఖరి ప్రశ్న. నర్సరీల్లో ఇవి అరుదు. అలాగని అడవికి వెళ్లి తవ్వుకు రావడం నేరమే కాక, తంగేడు వంటి లోతు వేరు మొక్కలు పీకితే బతకవు కూడా. గింజతోనే మొదలుపెట్టాలి. బాట పక్కన, ఊరి బీళ్లలో విస్తారంగా ఉన్న రకాల నుంచి మాత్రమే, ఒక్కో మొక్క నుంచి పిడికెడుకు మించకుండా తీసుకోవాలి. తంగేడు కాయలు చలికాలంలో ఎండి గోధుమ రంగు తిరుగుతాయి. గింజ పైపొర గట్టిది, నీరు లోపలికి పోదు. గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది, లేదా మరిగి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, తొలకరికి నాటాలనుకున్న చోటే విత్తాలి. గునుగు కంకులు బతుకమ్మకు కోసేటప్పుడు నాలుగు కొమ్మలైనా చేనులో వదిలేస్తే గింజ పండి రాలుతుంది. కోసినదంతా పండుగకే పోతే మరుసటి ఏడాదికి ఉండదు.

ఇంటి తోట ఎంత బాగా పెంచినా ఈ మొక్కల తావును అది పూడ్చలేదు. ఆ తావులకు మన లెక్కల్లో ఉన్న పేరేమో బంజరు. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ సహకారంతో వెలువడే దేశ బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలలు ఒక తరగతి. తంగేడు, విష్ణుక్రాంత, వాటి మీద ఆధారపడ్డ పురుగూ పిట్టా ఉండేది ఆ నేలల్లోనే. వట్టి నేల కదా అని చదును చేస్తాం, లేదా పచ్చదనం పేరుతో గుంటలు తవ్వి నీడ చెట్లు నాటేస్తాం. ఎండ కోరే పూలకు రెండూ ఒకటే దెబ్బ. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు పెద్ద వృక్షాల అడవి కాదు, గడ్డి మైదానం. చెట్లు లేని నేలకూ విలువ ఉంటుందని అప్పుడే గుర్తించాం, ఆ గుర్తింపును మాత్రం ఊరి దాకా తెచ్చుకోలేదు. కొత్తగా లేఅవుట్ వేసిన ప్రతి కాలనీలోనూ పార్కుకు వదిలిన స్థలం ఉంటుంది. అక్కడి బండలను పేల్చకముందే, జేసీబీ దిగకముందే కాలనీ సంఘం ఒక మాట అనుకుని ఒక మూల పావు ఎకరం చదును చేయకుండా వదిలేయమని అడగవచ్చు. నాటడానికి ఖర్చు లేదు, తడపడానికి నీళ్లు అక్కర్లేదు. లాంటానా, వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే పీకడానికి ఏడాదికి రెండు ఆదివారాలు నలుగురు మనుషులు కావాలి. ఆ మూలలో ఉన్న తంగేడు పొదలకు ఏ ఏడాదైనా కాయలు కట్టకపోతే, చుట్టుపక్కల తుమ్మెదలు తగ్గాయేమో వెతకాల్సిన పని మొదలైందన్నమాట.